అన్నిటికీ నో కొట్టండి

ఇంగ్లండులోని కోవెంట్రీలో మా తెలుగు ముసలివాళ్లకి ఒంట్లో నలతగా ఉంటే ముందు సదాశివం గారికి ఫోన్ చేసేవారు. ఆయన డాక్టరు కాదు, కాంపౌండరు కూడా కాదు. కార్ల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు బ్రేకు డ్రమ్ములు కొలిచి రిటైరైన ఇన్‌స్పెక్టరు. వయసు డెబ్బై ఎనిమిది. మా సర్జరీ యాప్‌ని ఏమార్చడం ఎలాగో కనిపెట్టిన మొట్టమొదటి మనిషి, అదీ ఆయన ప్రాక్టీసు.

నేను ఆ సర్జరీలోనే రిసెప్షన్‌లో కూర్చుంటాను. పదకొండేళ్లయింది. సర్జరీ అంటే ఇక్కడ ఆపరేషన్ కాదు, జీపీలు, అంటే ఏ జబ్బుకైనా ముందు చూసే డాక్టర్లు, కూర్చునే చోటు. ఈ ముక్క ఏలూరులో మా చుట్టాలకి చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. "విమల సర్జరీలో పనిచేస్తుంది" అని మా అమ్మ ఇప్పటికీ నలుగురిలో గర్వంగా చెప్పుకుంటుంది. నేను చేసేది ఫోనెత్తడం, తేదీలు రాయడం, లేదని చెప్పడం. ఎక్కువగా లేదని చెప్పడమే.

రెండేళ్ల కిందట మాకో కొత్త మేనేజర్ వచ్చింది. ఆవిడకి పేషెంట్లంటే పడదు. పేషెంట్లే రాకుండా ఉంటే సర్జరీ ఎంత శుభ్రంగా నడుస్తుందో అన్నట్టుంటుంది ఆవిడ వాలకం. వచ్చిన నెల రోజుల్లో పొద్దున ఎనిమిదింటి ఫోన్ల క్యూ ఎత్తేసింది. ఇకమీదట ఎవరికేమొచ్చినా యాప్‌లో ఫారం నింపాలి. ఫోన్ చేస్తే ఒక రికార్డు గొంతు తీయగా మాట్లాడి, యాప్ వాడమని చెప్పి, పెట్టేస్తుంది. గోడకి పోస్టరు అంటించారు. అందులో తెల్లజుట్టు దంపతులు ఒక ఫోన్ పట్టుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటారు. జబ్బు చేసిన మనిషి అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

మా వాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా అఘోరించారు. రిటైరైన డాక్టరు విద్యాసాగర్ గారు, నలభై ఏళ్లు స్టెతస్కోపుతో వైద్యం చేసిన నేను ఒక బొమ్మకి నా రోగం చెప్పుకోవాలా అని ఆర్నెల్లు బీపీ చూపించుకోవడమే మానేశారు. ఒకావిడ ఆ యాప్ ఇంట్లో మాటలన్నీ వింటుందని ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించేది. తెలివితేటలకి లోటు లేదు. పిల్లలేమో శనివారం వచ్చి అన్నం తిని, ఫోన్‌లో యాప్ ఎక్కించి, పాస్‌వర్డు ఒక కవరు వెనక రాసిపెట్టి, పెద్ద పుణ్యం చేసినట్టు మొహం పెట్టుకుని వెళ్లేవాళ్లు.

సదాశివం గారు అలా ఊరుకునే మనిషి కాదు. టై కట్టుకుని సరాసరి నా కౌంటరు ముందుకొచ్చి నిలబడ్డారు.

"నాకు రెండ్రోజుల్నించి గుండెల్లో మంటగా ఉంటందమ్మా. డాక్టర్ని చూడాలి."

"యాప్‌లో పెట్టండి అంకుల్."

"ఏందమ్మా నువ్వు! ఎదురుగానే ఉన్నావుగా. నా నోటితో చెప్తుంటే నీ చెవిన పడలా?"

"పడింది అంకుల్. కానీ నేను రాసుకోకూడదు. మీరే పెట్టాలి."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, తిరిగి వెళ్లిపోయారు. ఆ చూపు నాకు బాగా గుర్తు. పనికిరాని డ్రమ్ముని పక్కన పెట్టేటప్పుడు అలాగే చూసుంటారు.

ఆ శనివారం స్టాన్‌మోర్ నుంచి వాళ్లమ్మాయి ప్రవల్లిక వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు. "డాడ్, ఇట్స్ లిటరల్లీ టూ క్లిక్స్" అంటూ మొత్తం పెట్టేసింది. మనిషి నిజంగా మనిషేనా అని చూడటానికి యాప్ ఒక వీడియో అడుగుతుంది. నాలుగు అంకెలు చూపించి, కెమెరాలోకి చూస్తూ చదవమంటుంది. ఆయన రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటు చేసినట్టు అరిచి చదివారు. భార్య శాంతకుమారి గారి వంతు వచ్చేసరికి ఆవిడ బొట్టు సరిచేసుకుని, దేవుడి పటం వైపు తిరిగి చదివింది. రెండుసార్లు తిప్పికొట్టి మూడోసారి ఒప్పుకుంది ఆ మహాతల్లి యాప్.

ఇక మొదటి ఫారం. అందులో మొదట పదకొండు ప్రశ్నలుంటాయి. ఛాతీలో నొప్పి ఉందా, ఊపిరి ఆడటంలేదా, ఉన్నట్టుండి చూపు పోయిందా, మాట తడబడుతోందా, ఇలా. ఎస్ లేదా నో నొక్కాలి. సదాశివం గారు నిజాయితీగా మొదటి ప్రశ్నకే ఎస్ నొక్కారు. తెర ఎర్రగా మారింది. వెంటనే 999కి ఫోన్ చేయండి అని రాసి, ఫారం మూసుకుపోయింది. చట్టానికి లోబడే మనిషి కాబట్టి చెప్పినట్టే చేశారు. అంబులెన్సు సైరన్ వేసుకుంటూ వచ్చింది. వీధి వీధంతా కర్టెన్లు తీసి చూసింది. ఇద్దరు కుర్రాళ్లు ఆయన చొక్కా విప్పి, వైర్లు తగిలించి, గంటసేపు చూసి, గుండె భేషుగ్గా ఉందని తేల్చారు. గోంగూర పచ్చడి ఆవకాయతో కలిపి మూడు పూటలు లాగించారు, అదీ సంగతి. శాంతకుమారి గారు ఆ కుర్రాళ్లకి కాఫీ ఇచ్చి, వద్దంటున్నా పులిహోర కట్టిచ్చింది.

ఆ అవమానం ఆయన మింగలేకపోయారు. ఒక నోట్‌బుక్ తీసుకుని కూర్చున్నారు. రోజుకో ప్రశ్నకి ఎస్ నొక్కి చూడటం, తెర ఎర్రబడటం, వెనక్కి వెళ్లి నో నొక్కడం. పదకొండు రోజులు పరీక్ష చేశారు. ఏ ఒక్కదానికి ఎస్ అన్నా ఫారం చచ్చినట్టే. అన్నిటికీ నో కొడితే మాత్రం, మీ కష్టం మూడు వాక్యాల్లో రాయండి అని పెట్టె తెరుచుకుంటుంది. రాసి పంపితే అపాయింట్‌మెంట్ వస్తుంది. ఇంత గొప్ప సత్యం కనిపెట్టాక మనిషి ఆగుతాడా? గురువారం మధ్యాహ్నాలు చర్చి హాలు అద్దెకి తీసుకుని మన పెద్దవాళ్లు కలుస్తారు. పేకాట, భజన, పకోడీలు. అక్కడ ఒక మూల కుర్చీ వేసుకుని అందరి ఫారాలూ నింపడం మొదలుపెట్టారు.

"అన్నిటికీ నో కొట్టండి. ఎస్ అంటే అది మిమ్మల్ని బయటికి గెంటిద్ది. నో అంటే లోపలికి రానిస్తది. అదంతా ఉత్త గేటుకాడ జవాను. వాడికి నిజం చెప్పి ప్రయోజనం ఏంది?" అనేవారు.

ఆడవాళ్లకైతే ఇది మరీ నచ్చింది. మనవాళ్లు తమ నోటితో తమకి చెడు అనుకోరు కదా, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, ఏమంటే అది జరిగిపోతుందని భయం. మాట తడబడుతోందా అంటే అవునని వేలితో నొక్కడం వాళ్ల దృష్టిలో కోరి తెచ్చుకోవడమే. "అంతా లేదనే రాయండి అన్నయ్యగారూ, మన నోటితో మనమెందుకు అనుకోవాలి" అనేవాళ్లు. దేవతలకీ, యాప్‌కీ, సదాశివం గారికీ ఒకే మాట మీద ఏకాభిప్రాయం కుదిరింది. కోవెంట్రీలో డెబ్బై దాటిన తెలుగువాళ్లలో ఎవరికీ ఏ జబ్బూ లేకుండా పోయింది.

ఇటు కౌంటరు ఇవతల నా సంగతి చెప్పాలి. నో ఫారాలన్నీ నా తెర మీద ఆకుపచ్చగా వస్తాయి. ఆకుపచ్చ అంటే డాక్టరు ముందుగా చూడనక్కర్లేదు, నేనే తేదీ వేసి పంపేయొచ్చు. మా వాళ్ల ఫారాలు చూడగానే తెలిసిపోయేవి. పదకొండు నోలు, కింద సదాశివం గారి ఇన్‌స్పెక్టరు ఇంగ్లీషు. చివర ప్రతిదాంట్లో ఒకటే వాక్యం, దేవుడి దయవల్ల మిగతా అంతా క్షేమం అని. మోకాళ్లు పట్టేసినావిడా క్షేమమే, మూడు రోజులుగా జ్వరంతో మూలుగుతున్న ఆయనా క్షేమమే. టీ టైములో పక్క సీటు అమ్మాయికి చూపించి నవ్వుకునేదాన్ని. ఫారానికి అర నిమిషం చాలు, తేదీ వేసి పంపేస్తే పని అయిపోయేది.

మేనేజర్‌కైతే పండగే. డెబ్బై దాటినవాళ్లలో యాప్ వాడకం మా సర్జరీలో ఎక్కడా లేనంతగా పెరిగిందట. కేకు కోశారు. ఇదెలా సాధ్యమైందని ఆరా తీసి, ఎవరో సదాశివం అనే పెద్దాయన అందరికీ నేర్పుతున్నాడని తెలుసుకుని, ఆయన్ని పిలిచి డిజిటల్ ఛాంపియన్ అని ఒక బ్యాడ్జీ ఇచ్చింది. ఫోటో తీసి, ఆ నవ్వే దంపతుల పోస్టరు పక్కన పెట్టించింది. ఏం నేర్పుతున్నాడని మాత్రం అడగలేదు. ఆయన ఆ బ్యాడ్జీ టైకి పెట్టుకుని తిరిగారు. యాప్‌ని తిట్టని రోజు లేదు, దాని బ్యాడ్జీ తీసిన రోజూ లేదు.

ఒకసారి నేనే అన్నాను. "అంకుల్, ఫ్యాక్టరీలో ఇలా కొలవకుండా టిక్కులు పెట్టేవాళ్లుంటే మీరేం చేసేవాళ్లు?"

"గెంటించేవాణ్ణి. ఒకణ్ణి గెంటించా కూడా. బ్రేకు పడకపోతే మనిషి చస్తాడమ్మా."

"మరి ఇది?"

"ఇది బ్రేకు కాదుగా! మీ మేనేజరమ్మ ఆడుకునే బొమ్మ."

నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శాంతకుమారి గారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదనుకుంటారు చూసినవాళ్లు. ఆవిడ అలాగే అనుకోనిచ్చేది. తెనాలి నుంచి యాభై ఏళ్ల కిందట వచ్చి, ఒక మిషను కొనిపించుకుని, ఈ ఊళ్లో తెలుగు ఆడవాళ్ల జాకెట్లన్నీ కుట్టింది. డెబ్బై నాలుగేళ్ల వయసులో కళ్లజోడు లేకుండా దారం కొస తడిపి ఒక్కసారికే సూదిలోకి ఎక్కించేది. ఆ ఒక్క విషయంలోనే ఆవిడకి కొంచెం గర్వం. "మా ఆయనకి కొలవడానికి గేజీలు కావాలి, నాకు కళ్లే చాలు" అని నాతో ఒకసారి అంది. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి కుట్టిన జాకెట్టు మీద హెమ్మింగు చూసి మా అత్తగారే నోరెళ్లబెట్టింది. మా అత్తగారికి నచ్చేది ఏదీ ఈ భూమ్మీద లేదు మరి.

మార్చిలో శాంతకుమారి గారికి కణతల దగ్గర తలనొప్పి మొదలైంది. దువ్వెన తగిలితే మంట. జడ వేయడం మానేసి ముడి చుట్టుకునేది. చేగోడీలు నమలబోతే దవడ పట్టేస్తోందని టీలో నానబెట్టి తినేది. మూడు వారాలు మొగుడితో కూడా సరిగ్గా చెప్పలేదు. చెప్పినా "వయసు" అని తేల్చేసింది. ఒక ఆదివారం పొద్దున పప్పు తాలింపు పెడుతుండగా కుడికన్ను ముందు తెర దించినట్టు నల్లగా అయిపోయింది. పది నిమిషాల తరవాత మళ్లీ చూపు వచ్చింది. అప్పుడు భయపడి మొగుడికి చెప్పింది.

సోమవారం ఎనిమిది గంటలకి ఫారాలు తెరుచుకోగానే సదాశివం గారు ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. తరవాత ఏం జరిగిందో ఆయనే నాకు చెప్పారు. మూడో ప్రశ్న, ఉన్నట్టుండి చూపు పోయిందా అని. ఈసారి చేతి వేలు నో మీదికి వెళ్లలేదట. భయం వేసి ఎస్ నొక్కారు. తెర ఎర్రబడింది. వెంటనే 999కి ఫోన్ చేయండి అంది.

"ఏవండీ, అవునని కొట్టారేంటి?" అంది వెనక నుంచి శాంతకుమారి గారు. "పోయిన చూపు తిరిగొచ్చిందిగా. అట్టా అనమాకండి, అశుభం. అంబులెన్సుని పిలిచి మళ్లీ వీధిలో నవ్వులపాలు కావాలా?"

రెండేళ్లుగా ఆ ఎర్ర తెర ఆయనకి ఒక్కటే చెప్పింది. ఫారం పోయింది, వెనక్కి వెళ్లు అని. ఊళ్లో అందరికీ ఆయన నేర్పిందీ అదే. వెనక్కి వెళ్లి నో కొట్టారు. మిగతా ఎనిమిదీ నో. పెట్టె తెరుచుకుంది. కళ్లు కొద్దిగా అలసట, స్వల్పంగా తలనొప్పి, దేవుడి దయవల్ల మిగతా అంతా క్షేమం అని రాసి పంపారు. రెండేళ్లలో ఆ దిక్కుమాలిన యాప్ మా వాళ్లకి చెప్పిన ఒకే ఒక్క మంచి మాట అది, దాన్ని వినే చెవి ఎవరికీ మిగల్లేదు.

ఎనిమిదీ ఇరవైకి అది నా ముందుకొచ్చింది. ఆకుపచ్చ. పేరు చూసి, క్షేమం చూసి, నవ్వుకున్నాను. కళ్ల అలసట అంటే మామూలుగా కళ్లద్దాల షాపుకి పొమ్మని పంపాలి. ఆంటీ కదా, మా అమ్మాయి ఇంకో జాకెట్టు కూడా ఆవిడ దగ్గరే ఉంది కదా అని, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు డాక్టరు దగ్గరే వేశాను. గురువారం పదకొండూ ఇరవై. మూడు రోజుల్లో దొరకడం అదృష్టమని కూడా అనుకున్నాను. ఫోనెత్తి, ఏమైంది ఆంటీ అని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడగలేదు.

గురువారం నిద్ర లేచేసరికి ఆవిడకి కుడికంట ఏమీ కనబడలేదు. ఈసారి తెర దిగి మళ్లీ లేవలేదు. ఎలాగూ పదకొండూ ఇరవైకి అపాయింట్‌మెంట్ ఉంది కదా అని తలంటుకోవడం మాత్రం మానేసి, చీర మార్చుకుని, బస్సెక్కి వచ్చారు. పావుగంట ముందే వచ్చారు. నా ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు.

"ఆంటీ, జాకెట్టు అయిందా?" అన్నాను నేను కౌంటరు వెనక నుంచి.

ఆవిడ నా గొంతు వినబడ్డ వైపుకి తల మొత్తం తిప్పింది. "ఈ వారం కుదరలా తల్లీ" అంది.

సరేలెండి అని నేను తెర వైపు తిరిగాను.

లోపలికి వెళ్లిన ఐదు నిమిషాలకి డాక్టర్ కౌశిక్ తలుపు తీసుకుని తనే పరిగెత్తుకుంటూ వచ్చాడు. హైదరాబాద్ కుర్రాడు, మా దగ్గర చేరి ఆర్నెల్లు. "విమలక్కా, లోపలికొచ్చి అమ్మ దగ్గర కూసో. నేను హాస్పిటల్‌కి ఫోన్ చేసిన, పెద్ద డాక్టర్ లైన్ల ఉన్నడు" అన్నాడు. వెళ్లాను. సదాశివం గారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. డాక్టరు ఫోన్ చెవిన పెట్టుకునే ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని అడిగాడు.

"అమ్మా, ఏం దాచకు. దువ్వుకునేటప్పుడు తల నొస్తుందా?"

ఆవిడ మొగుడి వైపు చూడాలని తల తిప్పింది. ఆయన ఆ వైపు లేరు, పోయిన కంటి వైపున్నారు. కనబడలేదు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. దువ్వెన గురించి, దవడ గురించి, చేగోడీలు నానబెట్టుకోవడం గురించి, ఆదివారం తాలింపు గురించి. ఒక్కటీ వదలకుండా మొత్తం చెప్పింది. మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలు ఆవిడని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

కణత దగ్గర రక్తనాళం వాచి కంటికి రక్తం అందకుండా చేసే జబ్బట. మొదటిసారి చూపు పోయి వచ్చిన రోజే స్టెరాయిడ్ పడి ఉంటే చాలావరకు కన్ను నిలిచేదట. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు సదాశివం గారితో ఈ మాట అన్నాడు. దానికి ఆయన, "మేం సోమవారమే ఫారం పెట్టాం డాక్టర్ గారూ" అన్నారట. ఎడమకన్ను దక్కింది. కుడికన్ను పోయింది. అది ఇక రాదు.

మా సర్జరీలో మీటింగు పెట్టారు. బిస్కెట్లు పెట్టుకుని మరీ. మేనేజర్ ఆ ఫారాన్ని గోడ మీద వేసి చూపించింది. పేషెంటు పదకొండు ప్రశ్నలకీ నో అని చెప్పింది, సిస్టమ్ సరిగ్గానే పనిచేసింది, రిసెప్షన్ కూడా నియమం ప్రకారమే చేసింది. కాబట్టి ఎవరి తప్పూ లేదు. నేర్చుకోవాల్సిన పాఠం, పేషెంట్లు నిజం చెప్పాలని గుర్తుచేయడం. దానికో కొత్త పోస్టరు. డాక్టర్ కౌశిక్ ఏదో అనబోతే టైము అయిపోయిందంది. నా పేరు పక్కన తప్పేమీ రాయలేదు. నేను బిస్కెట్టు తిని వచ్చి నా సీట్లో కూర్చున్నాను. మర్నాటికి గోడ మీద డిజిటల్ ఛాంపియన్ ఫోటో మాయమైంది.

మూడు వారాల తరవాత సదాశివం గారు వచ్చారు. టై లేదు. గడ్డం సరిగ్గా గీసుకోలేదు. క్యూలో తన వంతు దాకా నిలబడి, కౌంటరు దగ్గరికొచ్చారు.

"ఆ రోజు పంపిన ఫారం కాగితం మీద తీసియ్యమ్మా."

తీసిచ్చాను. కౌంటరు మీద పెట్టి వేలితో ఒక్కో వరసా చదువుకున్నారు. మూడో వరస దగ్గర ఆగారు.

"ఇందులో పేషెంటు నో అని చెప్పింది అని ఉంది. ఆవిడ చెప్పలా. నేను కొట్టా. ఇది దిద్దాలి."

"పంపేశాక దిద్దడం కుదరదు అంకుల్. అందులో ఆ వీలు లేదు."

"అంటే ఎప్పటికీ ఆవిడే అబద్ధం చెప్పినట్టు ఉంటదా?"

ఆయన ఒక తెల్ల కాగితం అడిగారు. ఇచ్చాను. పక్కకి జరిగి, నిలబడే రాశారు. ఫలానా తేదీన నా భార్య శాంతకుమారి పేరు మీద పంపిన ఫారంలో జవాబులన్నీ నావి, ఆమెకి చూపు పోయిందని నాకు తెలుసు, తెలిసే నో అని నొక్కాను, ముందు ఎస్ అని నొక్కి వెనక్కి తీసుకున్నాను. కింద సంతకం, తేదీ, టైము. ఫ్యాక్టరీలో తిప్పిపంపే సరుకు మీద రాసినట్టు, ఒక్క కొట్టివేత లేకుండా.

"దీన్ని ఆవిడ ఫైల్లో ఎక్కించు."

స్కాన్ చేసి ఎక్కించాను. అది ఎక్కేదాకా చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్లబోతూ ఆగారు.

"నిన్నేం తప్పు పట్టట్లా తల్లీ. తెర మీద నో అని ఉంటే నీకేం తెలుస్తది?"

ఆ ఒక్క మాట ఆయన అనకుండా ఉంటే నేనూ నోరు మూసుకునే ఉండేదాన్ని. మీటింగులో మూసుకున్నట్టే.

"నాకు తెలుసు అంకుల్."

"ఏంది తెలుసు?"

"మీరు అందరికీ అన్నీ నో కొడతారని. రెండేళ్లుగా తెలుసు. ఆ రోజూ తెలుసు."

వెనక క్యూలో ఎవరో దగ్గారు. ఆయన మళ్లీ కౌంటరు దగ్గరికి వచ్చారు. కోప్పడతారేమో అనుకున్నాను, కోప్పడితే బాగుండుననుకున్నాను.

"మరి ఎవరితోనూ చెప్పలేదేం?"

అబద్ధాలు చాలానే తోచాయి. చెప్పలేకపోయాను.

"ఫారాలు అలా అన్నీ నోలతో వస్తే నాకు పని తేలిగ్గా అయిపోయేది."

ఆయన తల ఊపారు. "నాతో కాదమ్మా. నేను చేసింది నేను ఆవిడతో చెప్పుకున్నా. నువ్వు చేసింది నువ్వు చెప్పు. ఇంట్లోనే ఉంటది" అని, తలుపు తోసుకుని వెళ్లిపోయారు.

మా ఇంటి నుంచి వాళ్లింటికి నడిచి పది నిమిషాలు. ఇది జరిగి ఏడు వారాలైంది. నేనింకా వెళ్లలేదు.